ఇగ్వానాకి పెరట్లో బోను కట్టించాలి, చేసినవాళ్లు చెప్పండి

పలాస పెరడు:
మా దగ్గర మూడేళ్ల ఇగ్వానా (పెద్ద బల్లి జాతి) ఉందండి, తోకతో కలిపి నాలుగడుగులు దాటింది. ఇన్నాళ్లూ గదిలో యూవీ లైటు కింద పెంచాం, ఇప్పుడు జీడిచెట్టు కింద బోను కట్టించి పగలంతా అందులో వదులుదామని ఆలోచన. 6 అడుగుల పొడవు, 3 వెడల్పు, 6 ఎత్తు. వెల్డింగ్ ఆయన కోడి జాలీ కొట్టి పైన రేకు వేసేస్తే తక్కువలో తేలిపోతుందంటున్నాడు. మా అమ్మేమో పిల్లులూ ముంగిసలూ తిరిగేచోట పెడితే నేను కాపలా కాయలేనని ముందే చెప్పేసింది.

ఆమదాలవలస:
ఇగ్వానాయేనా, ఉడుమా? ఉడుమైతే వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లోది, బోను సంగతి అటుంచి కేసు అవుతుంది.

పలాస పెరడు:
ఇగ్వానాయేనండీ బాబూ, ఆకులూ పువ్వులూ తప్ప ఏమీ ముట్టదు. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు కూడా చేయించాం.

బొబ్బిలి డాబా:
కోడి జాలీ వద్దు తమ్ముడూ. మాది ఆ కన్నంలో గోరు ఇరికించుకుని లాగేసుకుంది, వెనకకాలి పొడుగు వేలిగోరు మొత్తం ఊడొచ్చింది, కొమ్మ మీద వరసగా నెత్తుటి చుక్కలు. అర అంగుళం కన్నాల జీఐ వెల్డ్ మెష్ (జింకు పూత ఉన్న, అతుకులు వెల్డ్ చేసిన ఇనప జాలీ) తీసుకో, తెగిన తీగ చివర్లు బయటికి తిప్పించు. అడుగు లోతు మట్టిలోకి దింపించు, ఎందుకంటే ముంగిస బయట్నుంచి తవ్వుతుంది, నీది ఆడదైతే గుడ్ల టైములో అదే లోపల్నుంచి తవ్వుతుంది (మగది లేకపోయినా పెడతాయి). తలుపుకి గడియ పైనొకటి, కిందొకటి.

పిల్లి సంగతి సరే, ఏప్రిల్ ఎండ సంగతేంటి? మొదటి ఏడాది నేను గాజు తొట్టినే డాబా ఎక్కించాను, ఎండ తగులుతుంది కదా అని. టీ తాగి వచ్చేసరికి నోరు తెరుచుకుని బల్లపరుపుగా పడి ఉంది, నీడలోకి తెచ్చి తడిగుడ్డ కప్పితే ఎలాగో తేరుకుంది. గాజు ఎండలోని యూవీబీ కిరణాల్ని (గదిలో యూవీ లైటు ఇచ్చేవి అవే) రానివ్వదు, వేడిని మాత్రం పోనివ్వదు. రేకు కూడా కాలిపోతుంది. పైన సగం మెష్ వదిలేసి సగం తాటాకు కప్పు, కొమ్మ ఆ చివర నుంచి ఈ చివరకి ఉంటే ఎండో నీడో అదే చూసుకుంటుంది. ఒళ్లు మునిగేంత నీళ్ల తొట్టి తప్పనిసరి.

రాజాం:
జీడిచెట్టు కింద మాత్రం కట్టకండి. రాలిన పళ్లకి చీమలు, పూతప్పుడు దోమకి మందు కొడతారు, పక్క తోటలో కొట్టినా గాలికి వచ్చి బోనులో ఆకుల మీద పడుతుంది. పైగా 2018లో తిత్లీ తుఫానుకి మీ వైపు జీడిచెట్లు ఎలా పడిపోయాయో మీకే తెలుసు. ఖాళీ జాగాలో సిమెంటు దిమ్మలకి బోల్టులు బిగించండి, పక్కన మందారం వేస్తే నీడా వస్తుంది, మేతా అవుతుంది. రాత్రిళ్లు, ముఖ్యంగా చలికాలంలో, లోపలికి తెచ్చేయండి.

పలాస పెరడు:
బావి దగ్గర జాగా ఉంది, పొద్దున్న ఎండ, పదకొండు దాటితే డాబా నీడ. అక్కడే కట్టిస్తాను. వెల్డ్ మెష్ ఎన్ని గేజిది (తీగ మందం) అడగమంటారు? మందారం ఉంది గానీ అవి అమ్మ పూజ పువ్వులు, ఆ పంచాయితీ నేను చూసుకుంటా.