అమ్మాయిని బెంగళూరు క్రైస్ట్‌కి పంపాలా? 85 శాతం హాజరు చదువు కోసమా, కాపలా కోసమా?

చెరువుగట్టు (పాలకొల్లు)
మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. బీటెక్ చెయ్యనంటోంది. మా వీధిలో ఇంటికొక బీటెక్ ఉన్నాడు కాబట్టి నాకేం బాధ లేదు గానీ, సైకాలజీ అనేసరికి మా ఆవిడ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అమ్మాయి పట్టు బెంగళూరు క్రైస్ట్ కాలేజీ మీద.

కనుక్కున్నాను. కేరళలో 1831లో మొదలైన సి.ఎం.ఐ. అనే క్యాథలిక్ సభ వాళ్లది. 1969లో కాలేజీగా పెట్టారు, 2004లో అటానమస్ అయింది, 2008లో డీమ్డ్ యూనివర్సిటీ, అంటే డిగ్రీలు సొంతంగా ఇచ్చుకునే హోదా. హాజరు 85 శాతం ఉండాలట, డ్రెస్ కోడ్ కూడా గట్టిదేనట. మా ఆవిడకి ఈ ఒక్క ముక్క నచ్చింది. నాకు నచ్చనిది కూడా అదే.

ఇంటర్ కోసం ఈ పిల్లని ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేశాం. ఆదివారం పది నిమిషాలు ఫోను. ఒకసారి ఔటింగ్ లేదంటే గేటు గ్రిల్లు సందులోంచి ఆత్రేయపురం పూతరేకుల డబ్బా అందించాను. డబ్బా పట్టలేదు. మూత తీసి, ఒక్కో పూతరేకు ఇవ్వాల్సొచ్చింది. సగం నా చేతిలోనే పొడైపోయాయి. పద్దెనిమిదేళ్లు నిండాక మళ్లీ అలాంటి చోటికేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

టీచరమ్మ (ఏలూరు)
గేటుని అంత తేలిగ్గా తిట్టకండి బాబుగారూ. నేను ఇక్కడి సెయింట్ థెరిసాలో డిగ్రీ చదివాను. అదీ క్యాథలిక్ కాలేజీనే, సిస్టర్లది, 1953లో మొదలైంది. మా ఇంట్లో అంతకుముందు పదో తరగతి దాటిన ఆడపిల్ల లేదు. మా నాన్న ప్రిన్సిపల్ని చూళ్లేదు, సిలబస్ చూళ్లేదు. ప్రహరీ ఎత్తు చూశాడు, సిస్టర్లు ఉన్నారని విన్నాడు, ఫీజు కట్టేశాడు. మీరు గ్రిల్లు అంటున్నదాని వల్లే నేనివాళ ఉద్యోగం చేసుకుంటున్నాను.

శేషాద్రి ప్యాసింజర్ (అమలాపురం, ప్రస్తుతం బెంగళూరు)
నేను క్రైస్ట్‌లోనే చదివాను, హోసూరు రోడ్డు క్యాంపస్‌లో. రెండూ కలిపేస్తున్నారండీ. ఇంటర్ హాస్టల్ రూలు మనిషి మీద, ఇక్కడి రూలు క్లాసు మీద. క్లాసులో ఉండాలి, అంతే. సాయంత్రం గేటు దాటితే ఎస్.జి. పాళ్య, తావరెకెరె రోడ్డు. పి.జి.లు (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లు), జిరాక్సు షాపులు, దోసె బండ్లు. ఎవరి బతుకు వాళ్లది. నేను మొదటి నెల రోజూ రాత్రి దోసే తిన్నాను. పప్పుచారు కోసం ఏడుపొచ్చేది.

అసలు టెన్షన్ సంక్రాంతికి. లెక్క చెప్తాను. సెమిస్టర్‌కి 90 పని దినాలు అనుకోండి. 15 శాతం అంటే పదమూడు రోజులు మించకూడదు. భోగి, సంక్రాంతి, కనుమ, పోను రాను మరో రెండు: అయిదు పోయాయి. మా ఊరి కోడిపందేలు చూసి రెండో రోజు జ్వరం తెచ్చుకున్నాను, ఇంకో ఆరు. ఇక రెండే మిగిలాయి. మార్చి దాకా పంటి నొప్పొచ్చినా క్లాసుకే వెళ్లాను. అది కాపలా అంటే కాపలాయే. కానీ నా జీవితంలో లెక్చరర్లు చెప్పింది పూర్తిగా విన్న సెమిస్టర్ అదొక్కటే, దాచుకోను.

రాజోలు లంక
డిగ్రీకి బెంగళూరు దాకా ఎందుకు? విజయవాడ ఆంధ్రా లయోలా లేదా? అదీ 1953దే, జెస్యూట్లు అనే క్యాథలిక్ ఫాదర్లది. ఫీజు పక్కన పెట్టినా పి.జి. అద్దె, తిండి, ఆటో అంటూ మూడేళ్లు కారుతూనే ఉంటుంది. వనామీ రొయ్యల రేటు పడితే ఏం కడతారు? ఇంకోటి, అందరూ అడగడానికి మొహమాటపడేది నేనడుగుతాను. మతం సంగతేంటి?

శేషాద్రి ప్యాసింజర్
మాది శివాలయం వీధి, నేను మూడేళ్లూ విభూతి పెట్టుకునే వెళ్లాను. చర్చికి రమ్మన్నవాళ్లు లేరు. ప్రోగ్రాముల ముందు ఒక ప్రార్థన పాట ఉండేది, అంతే. మాతో అన్ని మతాలవాళ్లూ చదివారు. ఫాదర్లు కనిపించేది ఎక్కువగా ఆఫీసుల్లో, సంతకాల దగ్గర. నిజానికి మతం కన్నా ఎక్కువ ఒత్తిడి ఇంగ్లిషుది. కోనసీమ యాసలో మొదటి ప్రెజెంటేషన్ ఇస్తుంటే వెనక బెంచీలో ఎవరో ‘ఆయ్’ అన్నారు. వాడూ మనవాడే, కాకినాడ!

నాకు మిగిలింది క్లాసు కాదు. సెంటర్ ఫర్ సోషల్ యాక్షన్ అని 1999 నుంచీ ఉంది, బస్తీ పిల్లలకి పాఠాలు చెప్పడానికి మమ్మల్ని పంపేవాళ్లు. క్యాంపస్‌లో వాడేసిన కాగితాన్ని నానబెట్టి మళ్లీ కాగితం చేసే చోటొకటి ఉంది. మా ఇంట్లో తాటాకు తప్ప దేన్నీ రెండోసారి వాడినట్టు గుర్తులేదు. అక్కడ తొట్టిలో గుజ్జు కలియబెడుతున్న ఆమెతో మాట్లాడటానికే కన్నడం నేర్చుకున్నాను. ఇక దర్పణ్ అనే కాలేజీ కల్చరల్ ఫెస్ట్ వచ్చిందంటే డిపార్టుమెంట్లు ఒకదాని మీద ఒకటి యుద్ధమే.

పెన్షనర్ మాస్టారు (తణుకు)
ఒక సవరణ. డీమ్డ్ సంస్థలు పేరులో ‘యూనివర్సిటీ’ అని నేరుగా పెట్టుకోకూడదని సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2017లో యూజీసీ చెప్పింది. డిగ్రీ మాత్రం వాళ్లే ఇస్తారు, చెల్లుతుంది. బెంగళూరే కావాలంటే జెస్యూట్ల సెయింట్ జోసెఫ్స్ కూడా చూడండి. 1882 నాటి సంస్థ, 2022లో యూనివర్సిటీ అయింది. రాజోలు వారికి: మైనారిటీ సంస్థ నడపడం రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కు. చేరే పిల్లలు మతం మారాలని అందులో ఎక్కడా లేదు.

టీచరమ్మ
శేషాద్రి గారూ, ఆ జ్వరం అమ్మాయికి వస్తే? నెలసరి నొప్పితో పడుకుంటే? ఆ పదమూడు రోజులు మీకూ దానికీ ఒకటేనా? నేను గేటు మంచిదన్నాను గానీ, మా సిస్టర్ ఒకామె ఇలాంటి రోజుల్లో సెలవు చీటీ కూడా అడిగేది కాదు. రూలు రాసింది ఎవరన్నది కాదు, ఎదురుగా కూర్చుని చీటీ తీసుకునేది ఎవరన్నది చూడాలి.

శేషాద్రి ప్యాసింజర్
నిజమేనమ్మా, అది నాకు తట్టలేదు. మా క్లాసులో ఒకమ్మాయి మెడికల్ సర్టిఫికెట్ కోసం జ్వరంతోనే క్లినిక్ ముందు రెండు గంటలు కూర్చుంది. అయితే 75 శాతమే అని ఉన్న చోట చదివిన మా అన్నయ్య మూడో ఏడాది అసలు కాలేజీకే వెళ్లలేదు. నాన్న ఫీజు కడుతూనే ఉన్నాడు.

రాజోలు లంక
మీ అన్నయ్య ఇప్పుడేం చేస్తున్నాడు?

శేషాద్రి ప్యాసింజర్
రొయ్యల మేత డీలరు. నాకన్నా రెండింతలు సంపాదిస్తున్నాడు.

చెరువుగట్టు
ఇది చూసి నవ్వొచ్చింది, మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడకి మాత్రం టీచరమ్మగారి మాట పట్టుకుంది. అమ్మాయి కూడా పక్కనే కూర్చుని అంతా చదివింది. ‘నాన్నా, 85 కాదు, 95 అన్నా వెళ్తాను. ఏ క్లాసుకి వెళ్తున్నానో నేను ఎంచుకున్నాను కదా’ అంది. ఇంటర్‌లో ఎంపీసీ నేనే రాయించాను. మాట్లాడలేదు.

క్యాంపస్ ఒకసారి చూసొద్దామని శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కి తాడేపల్లిగూడెం నుంచి మూడు బెర్తులు బుక్ చేశాను. వెయిటింగ్ లిస్టు 14, 15, 16. కదులుతుందా, ఎవరైనా చెప్పగలరా?