"అద్రికుహరాంతర" అనా, "అద్రిగుహాంతర" అనా?

ప్రశ్న: నాలుగు రోజులుగా ఒక పద్యపాదం నన్ను వదలడం లేదు. "అంధకారమెల్ల నద్రికుహరాంతర వీథులందు..." పోతన గజేంద్రమోక్షంలోది, పగలు సూర్యుడికి "వెరచి" కొండల్లో "డాగి", "యెడరు వేచి" ఉన్న చీకటి, సంజెవేళ అతనికి "వృద్ధత" రాగానే బయటికి వచ్చిందా అన్నట్టు ఏనుగులు గుహల్లోంచి వస్తాయని భావం. పార్టికల్ యాక్సిలరేటర్లలో ఎలక్ట్రాన్లను వేగవంతం చేసే అతివాహక (సూపర్ కండక్టింగ్) కేవిటీల, అంటే లోపల బోలుగా ఉండే లోహపు గదుల, డిజైన్ గురించి తెలుగులో రాస్తుంటే గుర్తొచ్చింది. నియోబియం కేవిటీని చల్లబరుస్తూ, అది అతివాహకంగా మారే 9.2 కెల్విన్ కిందికి దించేటప్పుడు లోహంలో ఉన్న అయస్కాంత ఫ్లక్స్ (క్షేత్రరేఖలు) బయటికి పోవాలి, కానీ అంతా పోదు, కొంత గోడలోనే డాగి ఉండిపోయి తర్వాత వేడి పుట్టిస్తుంది. కేవిటీకి "కుహరం" అని రాశాను, పోతనే వాడాడు కదా అన్న ధైర్యంతో. పాఠం సరైనదేనా?

జవాబు: "గుహాంతర" అండీ. ఆటవెలది కదా, గణాలు వేసి చూడండి: అంధ, కార, మెల్ల, మూడు సూర్యగణాలు. నద్రిగు, హాంతర, రెండూ భగణాలు, అంటే ఇక్కడ రావాల్సిన ఇంద్రగణాలే. మీ పాఠం పెడితే చివర "హరాంతర" మిగులుతుంది, అది ఏ ఇంద్రగణమూ కాదు. ఒక్క "ర" ఎక్కువై పాదం కుంటుతోంది. చివరి పాదంలోనూ "గుహలు వెడలె గరులు" అనే ఉంది.

జవాబు: గణాలు సరే, అర్థం సంగతి చూద్దాం. "గుహ్" అంటే దాచడం, గుహ అంటే దాచేది. పోతన చీకటిని దాచాడు కాబట్టి అక్కడ గుహే కావాలి. కేవిటీ పని దాచడం కాదు, మోగడం. అందుకు కుహరమే నయం, "కర్ణకుహరం" అంటాం కదా. చెవి కాలువ కూడా 3000 హెర్ట్జ్ దగ్గర అనునాదం చేసే గొట్టమే. పద్యంలో లేకపోయినా మీ మాట మార్చకండి.

జవాబు: కుహరాన్ని జీవశాస్త్రం వాళ్లు ఎప్పుడో తీసేసుకున్నారు మాస్టారూ, శరీరకుహరం, ఆస్యకుహరం. నేనైతే గహ్వరం అంటాను.

జవాబు: గహ్వరంలో చొరరానంత లోతు అనే ధ్వని ఉంది. కేవిటీలోకి ఎలక్ట్రాన్ పుంజం ఒకవైపు దూరి రెండోవైపు పోవాలి! అచ్చతెలుగులో "తొర్ర" ఉండగా ఇదంతా ఎందుకు?

మళ్లీ ప్రశ్న అడిగిన నేను: "ర" విషయంలో ఒప్పుకున్నాను, ఇన్నేళ్లూ తప్పుగానే చదువుకున్నాను. తొర్ర మాత్రం వద్దండీ, దానికి ఒక ఆకారం అంటూ ఉండదు. ఇక్కడ ఆకారమే ప్రాణం. మొదట్లో డబ్బాలా చేసేవారు. గోడ నుంచి ఊడిన ఎలక్ట్రాన్ తిరిగి గోడనే కొట్టి ఇంకొన్నిటిని ఊడగొట్టేది, అలా అలా పెరిగి శక్తినంతా తినేసేది. గోడను గుండ్రంగా వంచాక ఆ ఎలక్ట్రాన్లు విద్యుత్ క్షేత్రం దాదాపు సున్నాగా ఉండే నడుము (గది మధ్యలో వెడల్పైన చోటు) వైపు జారిపోయి అక్కడే అణిగిపోతాయి. నోటి దగ్గర వంపు విద్యుత్ క్షేత్రాన్ని, నడుము వంపు అయస్కాంత క్షేత్రాన్ని హద్దులో ఉంచడానికి, ఒకటి సవరిస్తే రెండోది పాడవుతుంది. 1.3 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో గది పొడవు సగం తరంగదైర్ఘ్యం, అంటే దాదాపు 11.5 సెంటీమీటర్లు, అలాంటివి తొమ్మిది కలిపితే మీటరు పైచిలుకు. అనునాదం మాట మాత్రం నిజం: క్వాలిటీ ఫ్యాక్టర్ (శక్తిని ఎంత నెమ్మదిగా కోల్పోతుందో చెప్పే కొలత) వెయ్యి కోట్లు ఉంటే, సెకనుకు 130 కోట్ల కంపనాలతో, సరఫరా ఆపేశాక కూడా సెకనుకు పైగా మోగుతూ ఉంటుంది. రాగిదైతే మైక్రోసెకన్లలో చల్లారిపోతుంది.

జవాబు: అసలు ఆ పద్యం మీ ఫ్లక్స్‌కి ఎంత బాగా అతుకుతుందో చూశారా? సూర్యుడి "వృద్ధత" అంటే వేడి తగ్గడం, వేడి తగ్గాకే గుహల్లోంచి బయటికి రావడం!

మళ్లీ నేను: అవునండీ, అందుకే వదలడం లేదు. ఒక చివరకీ మరో చివరకీ ఉష్ణోగ్రతలో తేడా బాగా ఉండేలా చల్లబరిస్తే ఫ్లక్స్ ఎక్కువగా వెడలిపోతుంది, నిదానంగా అంతటా ఒకేలా చల్లబరిస్తే లోపలే చిక్కుకుంటుంది. "ట్రాప్డ్ ఫ్లక్స్" కి "డాగిన ఫ్లక్స్" అని రాసేశాను.

జవాబు: "డాగిన" తప్పు. డాగడం తనంతట తాను చేసే పని. అది లోహంలోని లోపాల దగ్గర పట్టుబడింది, కాబట్టి "చిక్కిన" అనాలి.

జవాబు: పోతన చీకటి కూడా తనంతట డాగలేదు, "వెరచి" డాగింది. అదలా ఉంచండి, "యెడరు వేచి"లో ఎడరు అంటే అదను అని అందరూ చెప్పేస్తారు. నాకు ఎడరు అంటే ఆపదే. సూర్యుడికి ఎప్పుడు ఆపద వస్తుందా అని చీకటి కాచుకుని ఉంది. పక్కనే "వృద్ధత" ఉంది చూడండి.

జవాబు: శత్రువుకి ఆపద అయితే నాకు అదనే కదండీ, రెండూ ఒకటే.

జవాబు: ఒకటి కాదు. అదను అంటే చీకటి తెలివైనది అవుతుంది, ఆపద అంటే సూర్యుడి మీద జాలి పుడుతుంది. పోతన ఏది కోరాడన్నదే నా ప్రశ్న.

మళ్లీ నేను: కేవిటీ మాటేంటండీ మరి? ప్రస్తుతానికి కుహరం అనే ఉంచుతున్నాను.

జవాబు: గహ్వరం.