అడ్మిన్ యూజర్‌నే ఇచ్చాను, అయినా బ్యాకప్ కనెక్ట్ కావట్లేదు

మిర్చియార్డు అకౌంట్స్, గుంటూరు:
మా కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఒక విండోస్ సర్వర్ ఉంది, డొమైన్ (అన్ని సిస్టమ్‌ల యూజర్లనూ ఒకేచోట నడిపే ఏర్పాటు) లేదు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వేరే సిస్టమ్‌లో ఉంది. వారం నుంచి కనెక్షన్ టెస్ట్ చేస్తే యాక్సెస్ డినైడ్ అంటోంది. పింగ్ వెళ్తోంది, అంటే సర్వర్ నెట్‌వర్క్‌లో అందుతోంది. బ్యాకప్ కోసం లోకల్ యూజర్ పెట్టి, అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో కూడా చేర్చాను. ఫైర్‌వాల్ ఆపేసినా అంతే. సీజన్ నడుస్తోంది, రైతుల బస్తాల లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉందండి.

వన్‌టౌన్ సిస్టమ్స్, విజయవాడ:
ముందు ఫైర్‌వాల్ ఆన్ చేసేయండి. ఫైల్ షేరింగ్‌కి 445 పోర్టు తెరిచి ఉంటే ఈ పరీక్షకు చాలు. బ్యాకప్ సిస్టమ్‌లో నెట్ యూజ్ కమాండ్‌తో, అదే యూజర్‌తో, సర్వర్‌లో అడ్మిన్‌లకే తెరుచుకునే అడ్మిన్ డాలర్ (ADMIN$) షేర్‌కి కనెక్ట్ అయి చూడండి. యూజర్ పేరుకు ముందు సర్వర్ పేరు రాయడం మర్చిపోవద్దు. ఎర్రర్ నంబరు 53 వస్తే సర్వర్ దాకా దారే దొరకలేదు. 1326 అయితే పేరో పాస్‌వర్డో తప్పు. 5 వస్తే మనిషిని గుర్తుపట్టింది, లోపలికి మాత్రం రానివ్వలేదు.

మిర్చియార్డు అకౌంట్స్:
5 వచ్చిందండి.

వన్‌టౌన్ సిస్టమ్స్:
అయితే ఇది యూఏసీ (యూజర్ అకౌంట్ కంట్రోల్, అడ్మిన్ హక్కులను అదుపులో పెట్టే విండోస్ రక్షణ) పని. లోకల్ అడ్మిన్ యూజర్ నెట్‌వర్క్ మీదుగా వస్తే విండోస్ అడ్మిన్ హక్కులు తీసేసి మామూలు యూజర్‌గానే చూస్తుంది. విండోస్‌తో పాటు వచ్చే అసలు అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌కి మామూలుగా ఈ అడ్డు ఉండదు. అందుకే కొందరు దాన్నే ఇచ్చేస్తారు, నాకైతే అది నచ్చదు. రోజూ వాడే ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఎవరైనా మార్చారంటే ఆ రాత్రే బ్యాకప్ ఆగిపోతుంది. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) పాలసీస్ కింద సిస్టమ్‌లో లోకల్‌అకౌంట్‌టోకెన్‌ఫిల్టర్‌పాలసీ అనే డీవర్డ్ (అంకె విలువ) పెట్టి విలువ 1 ఇవ్వండి.

బ్రాడీపేట:
అన్నా, ఒక్క మాట. ఆ 1 పెడితే సర్వర్‌లోని లోకల్ అడ్మిన్‌లందరికీ ఆ అడ్డు పోతుంది. కాబట్టి అక్కర్లేని అడ్మిన్ యూజర్లను తీసేసి, బ్యాకప్ యూజర్‌కి ఇంకెక్కడా వాడని పొడవాటి పాస్‌వర్డ్ పెట్టాలి. మా దగ్గర ఒకసారి విసుగొచ్చి డేటా ఫోల్డర్‌కి ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్ (అంటే అందరికీ అన్ని హక్కులూ) ఇచ్చేశారు. రెండు నెలల తర్వాత ఎవరో పాత బిల్లులన్నీ డిలీట్ చేశారు. ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు. దయచేసి ఆ దారి పట్టొద్దు.

మిర్చియార్డు అకౌంట్స్:
కనెక్ట్ అయింది! కానీ ఫైళ్లు వెళ్తున్నాయి, ఎస్‌క్యూఎల్ డేటాబేస్ దగ్గర మళ్లీ పర్మిషన్ ఎర్రర్.

బ్రాడీపేట:
విండోస్ హక్కు వేరు, ఎస్‌క్యూఎల్ హక్కు వేరు తమ్ముడూ. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 వెర్షన్ నుంచి విండోస్ సొంత సిస్టమ్ అకౌంట్‌కి కూడా సిస్అడ్మిన్ (ఎస్‌క్యూఎల్‌లో అన్ని హక్కులూ ఉన్న రోల్) దానంతటది రాదు. ఎస్‌క్యూఎల్‌ని నడిపే మేనేజ్‌మెంట్ స్టూడియోలో ఆ బ్యాకప్ యూజర్‌కి లాగిన్ తయారుచేసి, సాఫ్ట్‌వేర్ అడిగిన రోల్ ఇవ్వు. చాలావాటికి సిస్అడ్మినే కావాలి.

మిర్చియార్డు అకౌంట్స్:
రాత్రి జాబ్ పూర్తయింది. పొద్దున పాత సిస్టమ్‌లో రీస్టోర్ చేసి ఫిబ్రవరి లెడ్జర్ తెరిచాను, బస్తాల లెక్క సరిపోయింది. ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి.