సమస్యాపూరణం: ‘నీరు లేని యలలు నిలిచె నచట’

నిర్వాహకురాలు:
కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం. ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

*నీరు లేని యలలు నిలిచె నచట*

పోయిన ఆదివారం భీమునిపట్నం (భీమిలి) వెళ్లి వచ్చాను. విశాఖ నుంచి సముద్రాన్ని కుడిపక్కన ఉంచుకుని పాతిక కిలోమీటర్లు సాగే దారి. గోస్తని కడలిలో కలిసే చోటు, ఒడ్డున పడవలు, డచ్చివారి సమాధులు, పావురాలకొండ మీద బౌద్ధులు రాతిలో తొలిచిన నీటితొట్లు... ఒక్క రోజులో చూసి రాగల ఊరు కాదు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడినా ఇప్పటికీ అది చిన్న పట్నమే. తిరుగుదారిలో ఒకచోట ఆగినప్పుడు ఈ పాదం స్ఫురించింది. ఎక్కడో చెప్పను. షరతు ఒక్కటే: పూరణ భీమిలి పరిసరాలు దాటకూడదు.

తెరచాప:
కడలి వెనుక కేగ కాలమ్ము గాలితో
నిసుక రాశి పోసె నెత్తుగాను;
వాన కోయ, నినుము వన్నె పూయగ నేడు
నీరు లేని యలలు నిలిచె నచట.

అమ్మా, మీరు ఆగిన చోటు ఎర్రమట్టి దిబ్బలేనని నా నమ్మకం.

నిర్వాహకురాలు:
అక్కడే ఆగాను, తెరచాప గారూ. మొదటి పూరణే గురి చూసి కొట్టింది. ‘కడలి వెనుక కేగ’ అన్న మాటల్లో ఆ నేల కథ మొత్తం ఉంది. గత హిమయుగంలో సముద్రమట్టం దిగిపోయి ఇసుక బయటపడింది. గాలి దాన్ని లోపలికి మోసుకొచ్చింది. రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడు ఎరుపునిచ్చింది. దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు మరి రెండు చోట్లే ఉన్నాయి: తమిళనాడులోని తేరి భూములు, శ్రీలంక. 2025లో ఈ దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి.

‘వాన కోయ’ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ లోయలన్నీ వాననీరు కోసినవే. నీరు లేని అలలను చెక్కింది నీరే! సమస్యలోని విరోధాన్ని పోగొట్టకుండా ఇంకా లోతుకు తీసుకెళ్లారు. నాకు ఈ పద్యంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

లోపం ఒక్కటే. ‘ఎత్తుగాను’ గణాలు నింపడానికి వచ్చిన మాట. దిబ్బలు తీరం వెంట సుమారు అయిదు కిలోమీటర్లు పరుచుకున్నాయి కనుక ‘నిసుక రాశి పోసె నెల్ల యెడల’ అంటే అర్థమూ నిలుస్తుంది, యతీ (పాదం మొదటి అక్షరంతో నాలుగవ గణం మొదటి అక్షరానికి కుదిరే మైత్రి) నిలుస్తుంది. ఇంకో మాట, ఇది ఛందస్సుకు సంబంధించింది కాదు. చూడబోయేవారు దయచేసి దిబ్బల అంచుల మీద నడవకండి. అది రాయి కాదు, కాలు పెడితే రాలిపోయే ఇసుక.

గవ్వ:
నేను మే నెలలో వెళ్లాను. నాకు దిబ్బల కన్నా ఒడ్డే గుర్తుండిపోయింది.

వేట మాని పడవ లాట మఱచి యుండ
గుట్ట లయ్యె వలలు గోస్తనికడ;
మీనమాత కొఱకు మెఱక నెండుచు నున్న
నీరు లేని యలలు నిలిచె నచట.

తెరచాప:
వలలను అలలుగా చూడటం చాలా బాగుంది. అయితే మొదటి పాదంలో యతి తప్పినట్టుంది గవ్వ గారూ. ‘వే’కు ‘లా’ చెల్లదు కదా?

గవ్వ:
ప్రాసయతి వేశానండీ, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిపే యతి. వేట, లాట.

నిర్వాహకురాలు:
సరిగ్గా ఉంది. ఆటవెలదిలో ప్రాసయతి నిక్షేపంగా చెల్లుతుంది. మన తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవలకూ మోటారు పడవలకూ వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ సంగతంతా ‘మీనమాత కొఱకు’ అన్న రెండు మాటల్లో ఒదిగింది. సంపాదన ఆపుకుని ఒడ్డున కూర్చున్నవారి త్యాగం కూడా అందులో వినిపిస్తోంది. దిద్దడానికి నాకేమీ కనిపించలేదు.

రాగిరేకు:
ఓడ లెక్కి వచ్చి యొరిగిన డచ్చివా
రున్న గోరి చెంత నెన్నగాను
వగచు వారు లేక వారికొఱకును క
న్నీరు లేని యలలు నిలిచె నచట.

గవ్వ:
ఊహ గుండెను తాకింది. కాని ‘క’ చేర్చి ‘న్నీరు’ చేయడం సమస్యను మార్చడం కాదా?

రాగిరేకు:
ముందు పాదం చివర అక్షరం చేర్చి అర్థం మార్చడం అవధానాల్లో ఉన్న పద్ధతే కదండీ.

నిర్వాహకురాలు:
అక్షరం చేర్చడానికి అభ్యంతరం లేదు. ఇచ్చిన పాదంలోని అక్షరాన్ని మార్చడమే అభ్యంతరం. ‘నీ’ ఇచ్చాను, మీరు ‘న్నీ’ చేశారు. ఊహ అంత మంచిదైనప్పుడు వదులుకోవడం ఎందుకు? మూడవ పాదం ఇలా చూడండి:

వగచు వారు లేక వారికై కంటను
నీరు లేని యలలు నిలిచె నచట.

కడలి కంట నీరు లేదనడంలో విరోధం ఇంకా పదునెక్కింది. ‘ఎన్నగాను’ మాత్రం వ్యర్థపదం, మార్చండి. 1825లో డచ్చివారు ఈ రేవును ఆంగ్లేయులకు వదిలి వెళ్లారు. సమాధుల్లోని వారు మాత్రం ఇక్కడే ఉండిపోయారు. రెండవ పాదంలో ఆ ఒంటరితనాన్ని పట్టుకోవచ్చు.

కొత్త కలం:
ఇది నా మొదటి పద్యం. తప్పులుంటే మన్నించి దిద్దగలరు.

పోటు తగ్గి కడలి పోవ దూరమునకు
తడిసి మెఱయు నిసుక తళుకు మీద
చిన్ని గీతలు ఎన్నొ చెక్కి పోయిన యట్లు
నీరు లేని యలలు నిలిచె నచట.

నిర్వాహకురాలు:
మన్నించవలసిందేమీ లేదు. మూడవ పాదంలో ‘గీతలు ఎన్నొ’ అని విడిగా రాయడంతో మూడవ గణం ‘లుఎన్నొ’ అయింది. అది సూర్యగణం (గురువు, లఘువు గానీ మూడు లఘువులు గానీ) కాదు. ఉత్తుకు (హ్రస్వ ఉకారానికి) అచ్చు పరమైతే సంధి ఎలాగూ నిత్యం కనుక ‘గీతలెన్నొ’ అనండి, గణం దానంతటదే కుదురుతుంది. చిన్ని, గీత, లెన్నొ.

దిబ్బలు, వలలు, సమాధులు అందరికీ కనిపిస్తాయి. నీరు వెనక్కి తగ్గాక తడి ఇసుక మీద మిగిలే ఆ సన్నని మడతలు వంగి చూసినవారికే కనిపిస్తాయి. తరువాతి పోటు వచ్చేదాకానే వాటి ఆయుష్షు. మీరు వంగి చూశారు.

కొత్త కలం:
దిద్దుకున్నాను అమ్మా. ‘చిన్ని గీత లెన్నొ చెక్కి పోయిన యట్లు’. గట్టిగా చదివి చూస్తే ఇప్పుడు నడక తెలుస్తోంది.

నిర్వాహకురాలు:
వచ్చే వారం భీమిలి దీపస్తంభం దగ్గర కలుద్దాం. సమస్య, మళ్లీ ఆటవెలదిలోనే:

*దీప మార్ప నావ తీర మందె*