బోవే కెథడ్రల్ సగంలోనే ఎందుకు ఆగిపోయింది?

ప్రశ్న:
ఫ్రాన్స్‌లోని బోవే కెథడ్రల్ ఫొటోలు చూస్తున్నాను. తూర్పు భాగం ఆకాశాన్ని అంటేలా ఉంది. పడమటి వైపు మాత్రం ఉన్నట్టుండి గోడ పెట్టి ఆపేశారు. జనం నిలబడే పొడవాటి హాలు, అంటే నేవ్, లేనే లేదు. ఆ చోట ఒక చిన్న పాత చర్చి ఉంది. డబ్బు చాలలేదా, లేక కట్టింది కూలిపోయిందా? లోపల ఆ పెద్ద పెద్ద చెక్క ఊతాలు దేనికి?

జవాబు 1:
రెండూ జరిగాయండి. 1225లో పని మొదలైంది, 1272కి తూర్పు భాగం పూర్తయింది. నేల నుంచి రాతి కప్పుకి దాదాపు 48 మీటర్లు. గోథిక్ చర్చిల్లో, అంటే కోణపు కమానులతో కట్టే మధ్యయుగపు శైలి చర్చిల్లో, ఇంతకన్నా ఎత్తైన కప్పు లేదు. పన్నెండేళ్లకే, 1284లో, ఆ కప్పులో కొంత కూలింది. మీరు చూసిన చిన్న చర్చి పదో శతాబ్దపు పాత కెథడ్రల్‌లో మిగిలిన భాగం. కొత్తది అంతవరకూ వస్తే పడగొట్టేవాళ్లే. రాలేదు కాబట్టి బతికింది.

జవాబు 2:
1284లో ఎందుకు కూలిందన్నది ఇంకా తేలలేదు. పునాది అనేవాళ్లున్నారు, గాలి ఒత్తిడి అనేవాళ్లున్నారు. నాకు మాత్రం తర్వాత చేసిన మరమ్మతే ముఖ్యం. పాత స్తంభాల మధ్య కొత్త స్తంభాలు నిలబెట్టి, కమానుల వెడల్పు సగానికి తగ్గించారు. ఫొటోలో స్తంభాలు మరీ దగ్గరగా, కమానులు సన్నగా కనిపిస్తే అది ఆ మరమ్మతే. భయపడి ఎత్తు తగ్గించలేదు చూడండి, ఆ పట్టుదల అంటే నాకు ఎంతో గౌరవం.

ట్రాన్సెప్ట్, అంటే శిలువ చేతుల్లా చర్చికి అడ్డంగా ఉండే భాగం, 1500లో మొదలైంది. అది అయ్యాక నేవ్ కట్టాల్సింది పోయి, మధ్యలో గోపురం లేపారు. 1569కి 153 మీటర్లు! పడమటి స్తంభాలకు అటువైపు దన్నుగా నిలవాల్సిన నేవే లేదు. 1573లో, క్రీస్తు ఆరోహణ పండుగ రోజున, గోపురం కూలింది. జనం అప్పుడే ఊరేగింపుగా బయటికి వెళ్లారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. ఉన్న డబ్బంతా బాగుచేయడానికే పోయింది. నేవ్ ఇక లేవలేదు.

జవాబు 3:
ఊతాల సంగతి నేను చెబుతాను. బయట గోడల్ని ఆపే ఫ్లయింగ్ బట్రెస్‌ల మధ్య ఇనుప కడ్డీలుండేవి. 1960ల్లో వాటిలో కొన్నిటిని తీసేశారు. గాలికి బట్రెస్‌లు ఊగడం మొదలైంది, దాంతో మళ్లీ ఉక్కు కడ్డీలు బిగించాల్సి వచ్చింది. చెక్క, ఉక్కు ఊతాలు 1990ల్లో ట్రాన్సెప్ట్‌లో పెట్టినవి. చూపుకి అడ్డమే, కానీ అవి తీసేయాలని మాత్రం నేను అడగను.