అప్‌డేట్: అమ్మతో వైజాగ్‌లో రెండు రోజులు

అమ్మతో రెండు రోజులు వైజాగ్ వెళ్తున్నా, ఏం చూడాలి అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. కురుసుర జలాంతర్గామి మ్యూజియం సోమవారం ఉండదని మీలో ఒకరు చెప్పబట్టి ఆదివారమే వెళ్లాం. లేకపోతే గేటు చూసి వెనక్కి వచ్చేవాళ్లం. ఆ జలాంతర్గామి 2001 దాకా నేవీలో పనిచేసిందట. లోపల దారి బాగా ఇరుకు, అమ్మ మోకాళ్ల గురించి టెన్షన్ పడ్డాను. తనేమో ఆ చిన్న చిన్న పడకల దగ్గర ఆగిపోయి, "ఇందులో ఎలా పడుకునేవాళ్లురా, పాపం పిల్లలు" అంది.

సింహాచలం గుళ్లో భక్తులు మొక్కుకుంటూ కౌగిలించుకునే కప్పస్తంభం ఉంది కదా, అమ్మ దాన్ని కౌగిలించుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది. కైలాసగిరికి టైం చాలలేదు.

బీచ్‌లో మురీ మిక్చర్ తినమన్నవారికి మాత్రం ప్రత్యేకంగా థాంక్స్. మరమరాల్లో ఉల్లిపాయ ముక్కలు, పైన నిమ్మరసం. బయటి తిండి ముట్టని అమ్మ రెండో పొట్లం అడిగింది!