ఏలినాటి శనిలో ‘ఏలి’ ఎక్కడిది?

ప్రశ్న (తిరుపతి సభ్యురాలు): మా అబ్బాయిది మీన రాశి. ఏలినాటి శని నడుస్తోందని జాతకం చూసినాయన చెప్పిపోయారు. ఆ టెన్షన్ ఒకవైపు ఉంటే, మాట మీద ఇంట్లో ఇంకో గొడవ. శని మనల్ని ఏలిన నాళ్లు కాబట్టి ‘ఏలిననాటి’ అన్నది మా మామగారి వాదం. ఏళ్ల తరబడి పట్టుకుని ఉంటాడు కాబట్టి ‘ఏళ్లనాటి’ అంటుంది మా ఆడపడుచు. ఏది సరి?

జవాబు (చిత్తూరు సభ్యుడు): అక్కా, రెండూ వినడానికి బాగానే ఉన్నాయి, రెండూ నిలబడవు. ఏలడమే అర్థమైతే ఆ మాట గురుడికీ రాహువుకీ కూడా చెల్లాలి. ఏళ్ల తరబడి ఉండడమే అర్థమైతే అష్టమ శనికీ చెల్లాలి, అది కూడా రెండున్నరేళ్లు ఉంటుంది కదా! కానీ ఏలినాటి అనేది ఒక్క శనికే, అందులోనూ ఒక్క కాలానికే: చంద్రుడున్న రాశికి 12వ ఇంట్లో, ఆ రాశిలో, రెండో ఇంట్లో శని తిరిగే ఏడున్నరేళ్లకు.

మిగతా శనుల పేర్లు చూడండి. ఎనిమిదో ఇంట్లో ఉంటే అష్టమ శని. నాలుగో ఇంట్లో ఉంటే అర్ధాష్టమ శని. అర్ధాష్టమం అంటే ఎనిమిదిలో సగం, అంటే నాలుగు. (‘సగం అష్టమ శని కదా, సగం కష్టాలే’ అని ఊరట పడేవాళ్లను చూశాను. పడనివ్వండి.) హిందీ వాళ్ల సాఢేసాతీ కూడా ఉత్త ఏడున్నరే. అన్నీ లెక్క మీద పుట్టిన పేర్లే. మనది మాత్రం పరిపాలన మీద ఎందుకు పుడుతుంది?

తిరుపతిలో ఉన్నారు కాబట్టి తమిళ యాత్రికుల మాట మీ చెవిన పడే ఉంటుంది. వాళ్లు ‘ఏళరై నాట్టు చని’ అంటారు. ఏళు అంటే ఏడు, అరై అంటే అర. ఆ ‘ఏళ’ను మనం ‘ఏల’ చేశాం. ‘నాట్టు’ వినగానే ఆనాటి, ఏనాటి గుర్తొచ్చి ‘నాటి’ చేశాం. ‘ఏలరైనాటి’ అరిగి అరిగి ఏలినాటి, ఏల్నాటి అయిందన్నది నా లెక్క. తర్వాత ‘ఏలు’ క్రియను చూసి, శనికి సింహాసనం వేసి కూర్చోబెట్టాం.

తెలుగులో ఇంకో తికమక కూడా ఉంది. ఏడు అంటే 7, ఏడు అంటే సంవత్సరం. పాత రాతలో ఈ చిక్కు లేదు: సంవత్సరానికి అరసున్న పెట్టి ‘ఏఁడు’ అని రాసేవాళ్లు. ఏండ్లు అన్నప్పుడు బయటపడే సున్న అదే. అంకె ‘ఏడు’కు అరసున్న లేదు. అది ఒకప్పటి ‘ఏఴు’. ఈ ఴ అక్షరం రేనాటి చోళుల శాసనాల్లో కనిపిస్తుంది. మన దగ్గర అది ‘డ’గా మారింది. తమిళంలో కోఴి మనకు కోడి, ఏఴు మనకు ఏడు. ఆ ఉచ్చారణ తమిళంలో మిగిలింది గానీ, అక్కడా చాలామంది నోట ‘ళ’గానే పలుకుతుంది.

కుప్పం సభ్యుడు: అన్నా, ఇది మన జిల్లాకు సరిపోతాది. శ్రీకాకుళంలో కూడా ఏలినాటి శని అనే కదా అంటారు? అంత దూరం తమిళం ఎట్లా పోయింది? తెలుగులోనే పుట్టి ఉండకూడదా?

చిత్తూరు సభ్యుడు: మంచి ప్రశ్న తమ్ముడూ. తెలుగులోనే పుట్టి ఉంటే ‘డ’ ఉండాలి, ఏడరనాటి అనో ఇంకోటో. ఇక్కడ ఉన్నది ‘ల’. కన్నడంలో కూడా ఏడును ఏళు అనే అంటారు, కాబట్టి ఆ వైపు నుంచి వచ్చిందన్నా నేను కాదనను. మాట మాత్రం మన దక్షిణపు గడప దాటి వచ్చిందే. ఇక దూరం అంటావా, జాతకాల మాటలు చెప్పేవాళ్లతో పాటే ఊళ్లు తిరుగుతాయి. మంగు శని, పొంగు శని సంగతి చూడు. మొదటిసారి వచ్చే ఏలినాటి మంగు శని, ముప్పై ఏళ్లకు మళ్లీ వచ్చేది పొంగు శని. పొంగు మనకూ ఉంది, పాలు పొంగడమే. మంగు అంటే మనకు ముఖం మీద మచ్చ. తమిళంలో అది మసకబారడం, వన్నె తగ్గడం. ఆ అర్థం పెట్టుకుంటేనే జోడీ కుదురుతుంది.

మదనపల్లె సభ్యురాలు: శనేశ్వరుడు అని రాయవచ్చా?

చిత్తూరు సభ్యుడు: సంధి ఒప్పుకోదమ్మా. శని, ఈశ్వరుడు కలిస్తే శనీశ్వరుడు. అసలు పేరు శనైశ్చరుడు: శనైః అంటే మెల్లగా, చరుడు అంటే తిరిగేవాడు. ‘నీలాంజన సమాభాసం రవిపుత్రం యమాగ్రజం, ఛాయామార్తాండ సంభూతం తం నమామి శనైశ్చరమ్’ అని రోజూ చదివేవాళ్లే బయటికొచ్చి శనేశ్వరుడు అంటారు. రెండు పేర్లూ కలిసిపోయి మూడోది పుట్టింది. మందుడు అన్నా ఆ నిదానమే. కోనసీమ మందపల్లిలో వెలసిన మందేశ్వరుడి పేరులో ఉన్నదీ ఈ మందుడే. కంటికి కనిపించే గ్రహాల్లో అందరికన్నా దూరం ఇతనే, చుట్టు తిరగడానికి 29 ఏళ్ల 5 నెలల పైన పడుతుంది. యురేనస్‌కు 84 ఏళ్లు. అది 1781 దాకా ఎవరికీ దొరకలేదు, అందుకే నవగ్రహాల్లో లేదు. ఉండి ఉంటే రాశికి ఏడేళ్లు, మూడు రాశులకు 21 ఏళ్లు. ఆ ఏలినాటిని తట్టుకునేవాళ్లెవరు!

శని పేరు పలకడానికి జంకి కొందరు శుభలేఖల్లో స్థిరవారం అని వేయిస్తారు. మన దగ్గర అదే శనివారం వెంకన్న వారం. పెరటాసి (తమిళ నెల) శనివారాల్లో వెంకన్నకు తళిగ (నైవేద్యం) వేసేటప్పుడు ఆ జంకు ఎవరికీ ఉండదు.

తిరుపతి సభ్యురాలు: అన్నీ బాగున్నాయి తమ్ముడూ. ఇంతకీ మావాడికి ఎప్పుడు వదులుతుంది?

చిత్తూరు సభ్యుడు: మంచీచెడూ నేను చెప్పలేను అక్కా, తేదీలైతే చెప్తాను. దృగ్గణితం (ఆకాశంలో గ్రహం నిజంగా కనిపించే చోటును బట్టి వేసే లెక్క) ప్రకారం శని మీనంలోకి వచ్చింది 2025 మార్చి 29న. తిరునళ్లారు శని గుడివాళ్లు పాటించే వాక్య పంచాంగం (పాత సూత్ర వాక్యాలతో వేసే లెక్క) ప్రకారం అదే మార్పు 2026 మార్చిలో. గోవిందరాజస్వామి గుడి దగ్గర అంగళ్లలో తెలుగు పంచాంగం ఒకటి, తమిళ పంచాంగం ఒకటి కొని పక్కపక్కన పెడితే ఇల్లంతా ఇంకో గొడవ. దృగ్గణితమే పట్టుకుంటే 2029 ఆగస్టులో మేషం దాటి వృషభంలోకి పోతాడు. హమ్మయ్య అనుకునేలోపు వక్రించి అక్టోబరులో వెనక్కొస్తాడు. 2030 ఏప్రిల్‌లో మళ్లీ దాటుతాడు, ఇక వెనక్కి రాడు. రాయడం మాత్రం ఏలినాటి అనే రాయండి, ఏల్నాటి అన్నా తప్పు లేదు. మామగారికి నా పేరు చెప్పకండి.